పిడికిలికి అందనంత దగ్గరగా

కందకుర్తిలో మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలిసే చోటు నుంచి బోధన్ దిక్కుకు వస్తే, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గర్లో హున్సా అనే ఊరుంది. హోలీ నాడు అన్ని ఊళ్లూ రంగుల్లో మునిగితే ఆ ఊళ్లో పిడిగుద్దులాట ఆడతారు. ముందు కుస్తీలు. తర్వాత అడ్డంగా ఒక మోకు కడతారు. ఊరి మగవాళ్లు రెండు పక్కలుగా చీలి, ఒక చేత్తో మోకు పట్టుకుని రెండో చేత్తో ఎదుటివాణ్ని గుద్దుతారు. కాసేపట్లో ఆట అయిపోతుంది. అయ్యాక కొట్టుకున్నవాళ్లే ఒకరినొకరు కావలించుకుంటారు. ఆపితే ఊరికి కీడని నమ్మకం. పోలీసులు వద్దన్నా ఆ ఊరు ఈ ఆటను వదులుకోలేదు.

పత్రికలు ఏటా ఒక ఫొటో వేసి, వింత ఆచారం అని రాసి ఊరుకుంటాయి. బాక్సింగ్ చూసే కంటితో చూస్తే ఇందులో ఒక పాత ప్రశ్న కనబడుతుంది. మోకు పట్టిన చెయ్యి వదలకూడదు కాబట్టి వెనక్కి పోయే దారి లేదు. పక్కకు జరిగే వీలూ అంతంత మాత్రమే. మరి తక్కువ దెబ్బలు తినాలంటే ఎలా? జంకినవాడు మొహం వెనక్కి లాక్కుంటాడు. లాక్కున్న ఆ మొహం సరిగ్గా ఎదుటివాడి చెయ్యి బారుగా చాచుకునే దూరంలో ఆగుతుంది. మోకు మీదికి వంగి, తల దించి, భుజాన్ని ఎదుటివాడి రొమ్ముకు ఆనించినవాడి మీద ఆ చెయ్యి మడతపడి దిగాల్సిందే. దెబ్బ తగులుతుంది, పస ఉండదు.

ప్రశ్న ఇదీ. డిఫెన్స్‌కు పేరుపడ్డ బాక్సర్, అంటే కొట్టడం కంటే ముందు తినకపోవడం గురించి ఆలోచించేవాడు, కావాలని ప్రత్యర్థి ఒంటిమీదికి ఎందుకు వెళ్తాడు? దూరంగా ఉండి ఆడేవాడు తెలివైనవాడు, దగ్గరికి దూరేవాడు మొండివాడు అని మనకో అభిప్రాయం పాతుకుపోయింది. మేరీ కోమ్ పతకాల రోజుల నుంచి బాక్సింగ్ చూస్తున్న మన ప్రేక్షకులకు డిఫెన్స్ అంటే కాళ్లు, కాళ్లంటే దూరం. బాక్సింగ్ చరిత్ర ఈ అభిప్రాయాన్ని పెద్దగా బలపరచదు. దెబ్బ తప్పించుకోవడంలో మహామహులు అనిపించుకున్నవాళ్లలో చాలామంది ప్రత్యర్థి ఊపిరి తగిలేంత దగ్గర నిలబడినవాళ్లే.

ముందు లెక్క చూద్దాం. రింగ్‌లో దూరాలు మూడు. ఎవరి చెయ్యీ ఎవరికీ అందని దూరం ఒకటి. చెయ్యి చాపితే సరిగ్గా తగిలే దూరం రెండోది. మడిచిన మోచేతులు కూడా రాసుకునేంత, తల ఎదుటివాడి భుజానికి ఆన్చేంత దగ్గర మూడోది. ఈ మూడింటిలో చెడ్డది నడిమిది. ఒలింపిక్ స్థాయి బాక్సర్ల మీద చేసిన కొలతల్లో, సూటిగా విసిరిన పిడికిలి తగిలే వేళకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగం అందుకుంటుందని తేలింది. నిలిచిన చోటి నుంచి బయలుదేరి అరవై డెబ్బై సెంటీమీటర్లు దాటడానికి దానికి సెకనులో ఏడో వంతు చాలు. కంటికి కనబడి, బుర్రకెక్కి, ఒళ్లు కదలడం మొదలవడానికే మనిషికి సెకనులో అయిదో వంతు పడుతుంది. కాబట్టి నడిమి దూరంలో నిలబడి, బయలుదేరిన దెబ్బను చూసి తప్పుకోవడం మానవమాత్రుడి వల్ల కాదు. తప్పుకునేవాళ్లు దెబ్బకు ముందే కదిలే భుజాన్నో, బరువు మార్చుకునే పాదాన్నో పసిగట్టి తప్పుకుంటారు. అది అంచనా. రౌండుకు పదిసార్లు అంచనా వేస్తే ఒకటి రెండుసార్లు తప్పుతుంది. హెవీవెయిట్‌లో ఒక్కసారి తప్పినా చాలు, ఆట అక్కడితో సరి.

అందని దూరంలో ఉన్నప్పుడు కొట్టేవాడు ముందు అడుగు వెయ్యాలి. ఆ అడుగే ముందస్తు కబురు. దూరం ఇచ్చే రక్షణంతా అందులోనే ఉంది. మరీ దగ్గరైతే పిడికిలికి పరుగు తీసే చోటుండదు. అరవై సెంటీమీటర్లలో అందుకునే వేగాన్ని పదిహేనింటిలో అందుకోలేదు కదా. అలాగని హుక్, అప్పర్‌కట్ మడిచిన చేత్తోనే కొడతారు గదా, వాటికి చోటెందుకని అడగొచ్చు. వాటి బలం చేతిలో ఉండదు. పాదం నేలను తన్ని, నడుము తిరిగి, ఆ తిప్పుడు భుజంలోంచి వచ్చి పిడికిలికి ఎక్కాలి. ఎదుటివాడి భుజం నీ రొమ్ముకు ఆని, వాడి మోకాలు నీ మోకాలికి అడ్డంగా ఉంటే నడుము తిరగదు. దగ్గరికొచ్చిన డిఫెన్స్ బాక్సర్ దొంగిలించేది ఆ తిరుగుడునే.

రెండో కారణం చర్మం. స్పర్శకు మనిషి స్పందించే వేగం చూపుకు స్పందించే వేగం కంటే కాస్త ఎక్కువ. తేడా సెకనులో ఇరవయ్యో వంతు అటూ ఇటూ. వినడానికి చిన్నదే, దెబ్బల మధ్య పెద్దదే. అదొక్కటే కాదు, దూరం నుంచి చూసేటప్పుడు బాక్సర్‌ను మోసగించే ఎత్తులు బోలెడు. కంటితో ఒకవైపు చూసి మరోవైపు కొట్టొచ్చు, భుజం ఉత్తుత్తిగా అదిలించొచ్చు. నీ ముంజేయి ఎదుటివాడి దండ మీద ఆని ఉంటే ఆ ఎత్తులు పారవు. హుక్ కొట్టాలంటే దండ బిగుసుకోవాలి, బరువు ఒక కాలి మీదికి పోవాలి. రెండూ నీ చేతికి, నీ భుజానికి ముందే తెలుస్తాయి.

ఈ విద్య మన ప్రాంతానికి కొత్తదేం కాదు. బోధన్, కందకుర్తి వైపు ఊళ్లలో జాతర్లకు కుస్తీ పోటీలు పెడతారు. పిల్లల కొబ్బరికాయ కుస్తీతో మొదలై చివరికి వెండి కడియం కుస్తీ దాకా పోతాయి. సరిహద్దు అవతల మరాఠీ ఊళ్ల నుంచీ పహిల్వాన్లు వస్తారు. పట్టు దొరకకముందు వాళ్లు తలకు తల ఆనించి, ఒక చెయ్యి మెడ మీద, ఒక చెయ్యి మణికట్టు మీద వేసుకుని గిరగిరా తిరుగుతుంటారే, చూసే జనం అప్పుడే విసుక్కుని ఈల వేస్తారు. నిజానికి ఆటలో అతి నాజూకైన ఘట్టం అదే. ఎవరి బరువు ఎటు ఒరుగుతోందో ఇద్దరూ చేతులతో చదువుకుంటున్నారు.

బాక్సింగ్‌లో అదే పని గ్లవ్స్‌తో చెయ్యాలి, పట్టుకోకుండా చెయ్యాలి. ఇద్దరూ కుడిచేతివాటం వాళ్లే అనుకుని నెమ్మదిగా చూద్దాం. డిఫెన్స్ బాక్సర్ నుదురు ఎదుటివాడి ఎడమ భుజం దగ్గర, గడ్డం కింద ఉంటుంది. నుదురు ఎక్కడ ఆనుతుందన్నదే సగం యుద్ధం, ఎందుకంటే గడ్డం కింద తల పెట్టించుకున్నవాడు నిటారుగా లేవక తప్పదు. లేచినవాడి కాళ్లలో బలముండదు. ఎడమ చెయ్యి ఎదుటివాడి కుడి మోచేతి మడతలోకి దూరి ఉంటుంది. అక్కణ్నుంచి వాడు కుడి దెబ్బ ఎత్తితే ఆ మడత దగ్గరే ఆగిపోతుంది. కుడి గ్లవ్ తన చెంపకు ఆని ఎడమ హుక్‌కు కాపలా కాస్తుంది, కుడి మోచెయ్యి డొక్కను కప్పుకుంటుంది. ఇప్పటికింకా ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. ఎదుటివాడు విసిగి బలంగా ముందుకు తోస్తాడు. తోసిన క్షణాన డిఫెన్స్ బాక్సర్ అర అడుగు ఎడమకు జరుగుతాడు. ఆనుకున్న గోడ జరిగినట్టు ఎదుటివాడు ముందుకు తూలుతాడు. ఆ తూలులో డొక్కలో ఒకటి, గడ్డం కింద ఒకటి. మూడోదానికి ఆశపడకుండా మళ్లీ నుదురు ఆన్చేస్తాడు. చోటు తనకు కావలసినప్పుడు తెరవడం, తాను కొట్టగానే మూసెయ్యడం, ఈ తలుపు గొళ్లెం తన చేతిలో ఉంచుకోవడానికే అతను దగ్గరికి వెళ్తాడు.

ఇది మొదట పెద్ద ఎత్తున చేసి చూపినవాడు జాక్ జాన్సన్. గాల్వెస్టన్‌లో 1878లో పుట్టిన ఈ నల్లజాతి హెవీవెయిట్ 1908 డిసెంబరు 26న సిడ్నీలో టామీ బర్న్స్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 14వ రౌండులో పోలీసులు అడ్డుపడి ఆట ఆపించారు. 1910 జులై 4న రీనోలో జిమ్ జెఫ్రీస్‌ను 15వ రౌండులో పడగొట్టాడు. మిగిలిన పాత ఫిల్ములు చూస్తే జాన్సన్ బర్న్స్ కంటే ఎంత పొడుగో తెలుస్తుంది. అంత పొడుగువాడు దూరం నుంచే కొట్టి పోవచ్చు కదా? పోలేదు. దగ్గరికి రానిచ్చి, అరచేతులతో దండలు పట్టి ఆపి, ఎదుటివాడి దెబ్బను పుట్టకముందే చంపి, అప్పర్‌కట్లు వేశాడు. మధ్యమధ్య రింగ్ బయటివాళ్లతో కబుర్లు కూడా చెప్పేవాడు. పొట్టివాళ్లు మాత్రమే దగ్గరికి వెళ్తారన్న వాదానికి ఈ ఒక్క మనిషే జవాబు.

పొట్టివాళ్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కోచ్ కస్ డమాటో నేర్పిన పీకబూ పద్ధతిలో రెండు గ్లవ్స్ చెంపలకు ఆనించి, తల ఇటూ అటూ ఊపుతూ దూసుకెళ్లిన మైక్ టైసన్ 1986 నవంబరు 22న ఇరవయ్యేళ్లకే హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. జనం గుర్తుపెట్టుకున్నది నాకౌట్లను. ఆ పద్ధతి పుట్టింది మాత్రం డిఫెన్స్‌గానే. తనకంటే చేతులు బారైనవాళ్ల నడిమి దూరాన్ని తక్కువ దెబ్బలతో దాటడం ఎలా అన్నదానికి అది జవాబు.

అర్జెంటీనా నికొలీనో లోచె ఇంకో కోవ. ఎవరికీ అందనివాడు అని పేరు. చేతులు కిందికి వదిలి, ప్రత్యర్థి ఎదుటే నిలబడి, మెడ, నడుము తిప్పుతూ దెబ్బలన్నీ గాలికి పోనిచ్చేవాడు. 1968 డిసెంబరు 12న టోక్యోలో పాల్ ఫుజీ కొట్టీ కొట్టీ అలిసిపోయి, 10వ రౌండుకు స్టూలు మీంచి లేవలేదు. లోచె గెలిచిన 117 పోటీల్లో నాకౌట్లు 14 మాత్రమే. కొట్టే బలం లేనివాడు దగ్గర నిలబడితే ప్రమాదమన్న మాటకు ఆయన కెరీర్ అంతా ఎదురు సాక్ష్యమే. అయితే లోచెను ఎవరైనా అనుకరించవచ్చని నేననను. ఆయన డిఫెన్స్ పుట్టుకతో వచ్చిన కాలపు అంచనా మీద నిలిచింది. నేర్పి అందించేది కాదది.

నేర్పదగిన డిఫెన్స్ కావాలంటే 1993 సెప్టెంబరు 10న శాన్ ఆంటోనియోలో పెర్నెల్ విటేకర్, జూలియో సీజర్ చావెజ్ ఆడిన పన్నెండు రౌండ్లు చూడాలి. దగ్గరి పోరులో చావెజ్‌కు ఎదురులేదని అప్పటిదాకా అందరి నమ్మకం. డొక్కలు విరిచే ఎడమ హుక్ అతనిది. విటేకర్ దూరపు మాంత్రికుడు, ఎడమచేతివాటం. తెలివైన ఎవరైనా అతనికి చెప్పే సలహా ఒక్కటే: పరుగెత్తు. విటేకర్ చాలా రౌండ్లలో పరుగెత్తలేదు. లోపలికే వెళ్లి, చావెజ్ మోచేతుల మధ్య తన చేతులు దూర్చి, అతనికి హుక్ తిప్పే కోణం దొరకనియ్యలేదు. చావెజ్ తన సొంత ఇంట్లో దారి తప్పినవాడిలా కనిపించాడు. ఇద్దరు జడ్జిలు సమానమని, ఒకరు విటేకర్ గెలిచాడని రాయడంతో ఫలితం డ్రాగా ముగిసింది. విటేకరే గెలిచాడని అప్పుడూ ఇప్పుడూ ఎక్కువమంది అంటారు, నేనూ అంటాను. ప్రత్యర్థికి ఇష్టమైన చోటే అతని ఆయుధం లాగేసుకోవచ్చని ఇంతకంటే గట్టిగా చూపిన పోరు నాకు తోచదు.

ఆండ్రే వార్డ్ దీన్ని ఇంకా పద్ధతిగా చేశాడు. 2011 డిసెంబరు 17న అట్లాంటిక్ సిటీలో కార్ల్ ఫ్రాచ్ బారు చేతులను దగ్గరికెళ్లి చుట్టేశాడు. సెర్గీ కొవలేవ్ కథ మరింత పనికొస్తుంది. దూరం నుంచి సూటిగా కొట్టే కుడి దెబ్బకు కొవలేవ్ పెట్టింది పేరు. 2016 నవంబరు 19న లాస్ వెగాస్‌లో రెండో రౌండులోనే వార్డ్‌ను కిందపడేశాడు. అప్పటి నుంచి వార్డ్ ఆ దూరంలో ఎక్కువసేపు నిలబడలేదు. లోపల, పక్కల, డొక్కల దగ్గర పని చేసుకుంటూ పోయి ముగ్గురు జడ్జిల కార్డుల మీదా 114-113తో గట్టెక్కాడు. 2017 జూన్ 17న మళ్లీ తలపడి 8వ రౌండులో పొట్టమీది దెబ్బలతోనే ముగించాడు. వాటిలో కొన్ని బెల్టు కిందవని కొవలేవ్ పక్షం గొడవ చేసింది. దగ్గరి పోరులో ఇలాంటి గొడవ తప్పదు. అంత ఇరుకులో ఏది ఎక్కడ తగిలిందో రిఫరీకి కూడా సగమే కనబడుతుంది.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఇరవై అయిదేళ్లప్పుడు రింగంతా తిరిగే కాళ్లు ముప్పై అయిదుకు తిరగవు. దూరం డిఫెన్స్‌కు అద్దె కాళ్లతో కట్టాలి, దగ్గరి డిఫెన్స్‌కు అనుభవంతో కట్టొచ్చు. 2003 అక్టోబరులో హెవీవెయిట్‌కు ఎదిగి వచ్చిన జేమ్స్ టోనీ హోలీఫీల్డ్‌ను 9వ రౌండులో ఆపింది, రెండడుగుల చోటులో భుజం దొర్లించి దెబ్బలు జారవిడుస్తూనే. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో ముప్పై రెండేళ్ల అలీ తాళ్ల మీద వాలి ఫోర్‌మన్ దెబ్బలు తిన్నాడన్న కథ అందరికీ తెలుసు. అంతగా చెప్పుకోనిది, దగ్గరైనప్పుడల్లా అలీ ఫోర్‌మన్ మెడ వెనక చెయ్యేసి కిందికి లాగుతూ ఉన్నాడు. అంత బరువున్న మనిషి మెడను రౌండు రౌండుకూ వంచితే కాళ్లలోని శక్తి కారిపోతుంది. 8వ రౌండుకు అదే జరిగింది.

ఇంత చెప్పాక అవతలి వాదానికీ చోటివ్వాలి. దగ్గరి పోరు ఊరికే రాదు. తలలు ఢీకొంటాయి, కనుబొమలు చిట్లుతాయి, చిట్లింది ఎవరి తప్పన్నది ఎవరూ తేల్చరు. పొట్టమీది దెబ్బలు ఒక్కోటి చిన్నవే అయినా నాలుగో రౌండు తిన్నది పదో రౌండులో బయటపడుతుంది. జడ్జికి కనబడేది వీపులు, భుజాలు. సందడి ఎవరు చేస్తే వాళ్లదే రౌండన్న భ్రమ సులువుగా కలుగుతుంది. సందడి చెయ్యకపోవడమే డిఫెన్స్ బాక్సర్ గుణం. అన్నిటికంటే పెద్ద అడ్డంకి మరొకటుంది. దగ్గరితనం ఒక్కడు కోరితే రాదు. రాబర్టో డ్యూరాన్ 1980 జూన్ 20న మాంట్రియల్‌లో షుగర్ రే లెనార్డ్‌ను తాళ్లకు నొక్కి పదిహేను రౌండ్లు తన పోరు ఆడించాడు. అయిదు నెలలకే, నవంబరు 25న, న్యూ ఆర్లీన్స్‌లో లెనార్డ్ ఆ దగ్గరితనం ఇవ్వలేదు. తిరిగాడు, వెక్కిరించాడు, డ్యూరాన్ 8వ రౌండులో చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. 1994లో రాయ్ జోన్స్ టోనీకీ అదే గతి పట్టించాడు. ఇరుకులో అంతటి గొప్పవాడైన టోనీ ఆ రాత్రి ఇరుకు కోసమే వెతుక్కుంటూ పన్నెండు రౌండ్లు గడిపాడు.

ఇప్పుడు హున్సా, బోధన్ ఉన్న నిజామాబాద్ సంగతి. బోధన్ శక్కర్ ఫ్యాక్టరీకి ఉన్నంత పేరు ఒకప్పుడు ఈ జిల్లాలో ఇంకదేనికీ లేదు. ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ తర్వాత దేశం జిల్లా పేరు విన్నది ఎక్కువగా పసుపు వల్ల, బాక్సింగ్ వల్ల. కోచ్ శంసముద్దీన్ దగ్గర మొదలుపెట్టిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. శంసముద్దీన్ కొడుకు హుసాముద్దీన్ రెండు కామన్వెల్త్ కంచు పతకాలు, 2023లో తాష్కెంట్‌లో ప్రపంచ పోటీల కంచు తెచ్చాడు. అక్కడ సెమీస్‌కు ముందు మోకాలి గాయం ఆపేయకపోతే ఏమయ్యేదో.

నిఖత్ ఆట ప్రధానంగా దూరపు ఆట. ఇస్తాంబుల్ ఫైనల్లో థాయ్‌లాండ్ అమ్మాయి జిట్‌పోంగ్ జుటామస్ మీద బారు చేతులను వాడుకునే గెలిచింది. ఆ అలవాటు వెనక ఆమె స్వభావంతో పాటు కాలం కూడా ఉందని నా అంచనా. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో జడ్జిల తీర్పు వల్ల రాయ్ జోన్స్‌కు జరిగిన అన్యాయం తర్వాత అమెచ్యూర్ బాక్సింగ్‌లో కంప్యూటర్ స్కోరింగ్ వచ్చింది. 1992 బార్సిలోనా నుంచి 2012 లండన్ దాకా అదే నడిచింది. అందులో ఎక్కువ కాలం, అయిదుగురు జడ్జిల్లో ముగ్గురు దాదాపు ఒకే సెకనులో బటన్ నొక్కితేనే పాయింటు. ఇరుకులో పడే పొట్టమీది దెబ్బకు ముగ్గురు ఒకేసారి నొక్కడం అరుదు. ఒకరికి వీపు అడ్డం, ఒకరికి రిఫరీ అడ్డం. దూరం నుంచి తలకు తగిలే సూటి దెబ్బ అందరికీ కనబడేది. ఇక కోచ్‌లు ఏం నేర్పుతారు? కొట్టు, తప్పుకో. నిఖత్ విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ (సాయ్) శిబిరానికి వెళ్లింది 2009లో, అంటాల్యాలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది 2011లో. ఆమె చేతులు, కాళ్లు రూపు దిద్దుకున్న ఏళ్లన్నీ ఆ బటన్ల ఏళ్లే. 2013లో పది పాయింట్ల పద్ధతి వచ్చి, రౌండు మొత్తంలో ఎవరిది పైచేయి అని చూడటం మొదలయ్యాక కూడా మన శిబిరాల బోధన చాలాకాలం పాత గాడిలోనే నడిచింది.

2019 డిసెంబరులో ఢిల్లీలో మేరీ కోమ్ చేతిలో నిఖత్ ఓడిన ట్రయల్ బౌట్‌ను జనం 9-1 స్కోరుకు, ఆ తర్వాత కలపని చేతులకు గుర్తుపెట్టుకున్నారు. నాకు గుర్తున్నది వేరు. ఆ పోరులో శుభ్రంగా తగిలిన దెబ్బలు రెండు వైపులా తక్కువే, పెనుగులాటే ఎక్కువ. అనుభవం ఉన్న బాక్సర్‌కు పెనుగులాట లాభం. కుర్రకాళ్ల ఉరుకును అది మింగేస్తుంది.

ఆ తర్వాత నిఖత్ బలపడింది, ప్రపంచం చూసింది. ఆమె ఓడిన పెద్ద పోరుల్లో మాత్రం ఒక పోలిక కనిపిస్తుంది. 2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనా బాక్సర్ వూ యు చేతిలో 0-5. వూ యు అంతకుముందు ఏడాది 52 కిలోల ప్రపంచ ఛాంపియన్, 50కి దిగి వచ్చింది, చివరికి స్వర్ణమూ పట్టుకెళ్లింది. 2025లో లివర్‌పూల్‌లో టర్కీ బూసె నాజ్ చాకిరోలు చేతిలో మళ్లీ 0-5. అదే చాకిరోలును 2022లో సోఫియాలో స్ట్రాంజా టోర్నీ సెమీస్‌లో నిఖత్ ఓడించింది కూడా. వూ, చాకిరోలు ఇద్దరూ దూరాన్ని తమ చెప్పుచేతల్లో ఉంచుకునేవాళ్లు. దూరపు ఆటలో నీకంటే ఒక పిసరు మెరుగైనవాళ్లు ఎదురైనప్పుడు అదే ఆటను ఇంకాస్త కష్టపడి ఆడితే లాభం లేదు. విటేకర్, వార్డ్ ఆ మాట దూరం వదిలి లోపలికి వెళ్లి చూపారు. ఓడినవాళ్ల వైపు నుంచీ అదే నిజం.

అయితే ఒలింపిక్ బాక్సింగ్‌లో దగ్గరి డిఫెన్స్‌కు ఉన్న జాగా చాలా చిన్నది. మహిళలకు మూడు నిమిషాల రౌండ్లు మూడే. 2017కు ముందు రెండేసి నిమిషాలవి నాలుగుండేవి. వార్డ్ పొట్టమీద పెట్టిన పెట్టుబడి రెండో పోరులో 8వ రౌండుకు వడ్డీతో తిరిగొచ్చింది. తొమ్మిది నిమిషాల్లో వడ్డీ దాకా పోలేం. పట్టుకుంటే హెచ్చరిక, హెచ్చరిక ముదిరితే పాయింటు కోత. తల దించి తోస్తే ఫౌల్. అందుకే ప్రొఫెషనల్ పోరులో పూట గడిపే ఇల్లైన ఈ ఇరుకు, ఇక్కడ అయిదారు సెకన్ల మజిలీ మాత్రమే. కానీ ఆ అయిదారు సెకన్లు ఒక రౌండులో ఎన్నోసార్లు వస్తాయి. ఇద్దరూ ఒకేసారి దూకి ఢీకొన్నప్పుడల్లా, తాళ్లకు ఆనుకున్నప్పుడల్లా. అప్పుడు మన బాక్సర్లు ఎక్కువమంది చేసేది చేతులు చుట్టేసి రిఫరీ మాట కోసం ఎదురు చూడటం. చుట్టకుండా నుదురు ఆనించి, మోచేతి మడత ఆపి, పొట్టలో రెండు వేసి, పక్కకు తిరిగి బయటికి రావడం నేర్చినవాళ్లకు ఆ అయిదు సెకన్లు రౌండు తెచ్చిపెడతాయి. పది పాయింట్ల పద్ధతిలో జడ్జి వెతికే పైచేయి ఇలాంటి చోటే తేలుతుంది.

అది నేర్పడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఇద్దరు పిల్లల్ని నుదురు, భుజం ఆన్పించి నిలబెట్టి, మొదటి నిమిషం దెబ్బ లేకుండా, చేతులు లోపలి వైపు ఎవరివి ఉంటాయన్నదే ఆడించాలి. రెండో నిమిషం ఒకరికి మాత్రమే కొట్టే హక్కు, అదీ పొట్ట మీదే. మూడో నిమిషం బయటికి వచ్చేటప్పుడు ఎవరు చివరి దెబ్బ వేస్తారో చూడాలి. పొడుగు పిల్లలతోనే ముందు చేయించాలి. పొట్టివాళ్లు ఎలాగూ దారి వెతుక్కుంటారు. పొడుగువాళ్లకే దూరం మీద నమ్మకం ఎక్కువ, అది చెదిరిన రోజున ఏం చెయ్యాలో తెలియక నిటారుగా నిలబడిపోయేదీ వాళ్లే. జిల్లా, రాష్ట్ర పోటీల్లో రిఫరీల పాత్ర కూడా ఇందులో తక్కువేం కాదు. ఇద్దరు దగ్గర కాగానే బ్రేక్ అని అరిచే రిఫరీ ముందు ఏ పిల్లా ఈ పని చేసి చూపలేదు. చేతులు స్వేచ్ఛగా ఉండి పని జరుగుతున్నంతసేపు ఆగే ఓపిక కింది స్థాయిలోనే అలవడాలి. పట్టుకున్నవాళ్లనూ పని చేస్తున్నవాళ్లనూ ఒకే గాటన కట్టి విడదీస్తుంటే, పెద్ద టోర్నీకి వెళ్లిన మన పిల్లలు ఆ అయిదు సెకన్లను విశ్రాంతి అనుకుంటూనే ఉంటారు.